సివిల్ కేసులో అప్పీలు: తీర్పు నకలు నుంచి పై కోర్టు డిక్రీ దాకా

కింది కోర్టులో ఓడిపోయినవాళ్లు లాయరును అడిగే మొదటి ప్రశ్న "పై కోర్టుకు వెళ్తే గెలుస్తామా?" అని. అంతకంటే ముందు అడగాల్సింది "నకలుకు దరఖాస్తు పెట్టారా?" అని. గెలుస్తామా లేదా అన్నది తర్వాత తేలుతుంది. గడువు మాత్రం తీర్పు చెప్పిన మర్నాటి నుంచే నడుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా సివిల్ దావాల్లో వేసే మొదటి అప్పీలు గురించి. క్రిమినల్ అప్పీళ్లకు, రిట్ అప్పీళ్లకు దారులు వేరు కాబట్టి వాటిని కలపడం లేదు. సొంత కేసు ఉన్న కక్షిదారులకూ, కొత్తగా కోటు వేసుకున్న జూనియర్లకూ పనికొచ్చేలా రాస్తున్నాను. కక్షిదారులు కొన్ని సెక్షన్ల నంబర్లు దాటేసినా నష్టం లేదు. గడువుల దగ్గర మాత్రం ఆగి చదవండి.

చాలామంది అప్పీలంటే కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుందనుకుంటారు. సాక్షులు మళ్లీ బోనెక్కరు. కొత్త కాగితాలు ఇష్టమొచ్చినట్టు పెట్టడానికీ ఉండదు. పై కోర్టు బల్ల మీద ఉండేది కింది కోర్టు రికార్డు: ప్లెయింటు (వాది దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ (దానికి ప్రతివాది జవాబు), సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా గుర్తు వేసిన పత్రాలు), తీర్పు. ఎదుటి పార్టీ ఎంత మోసగాడన్నది అక్కడ ఎవరికీ పట్టదు. ఈ తీర్పులో తప్పు ఎక్కడుంది, దాన్ని సరిదిద్దితే ఫలితం మారుతుందా అన్నదే చూస్తారు. ఫలితాన్ని తాకని పొరపాట్లను పట్టుకుని డిక్రీని (తీర్పు ఫలితాన్ని నమోదు చేసే కోర్టు ఉత్తర్వును) రద్దు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం) సెక్షన్ 99 నేరుగానే చెబుతోంది. అప్పీల్లో మీరు పోరాడాల్సింది తీర్పుతో. ఈ ఒక్క సంగతి వంటబడితే గ్రౌండ్స్ (తీర్పు ఎందుకు తప్పో చెప్పే అంశాలు) రాయడం, వాదన తయారు చేయడం, ఏది వదిలేయాలో తేల్చుకోవడం అన్నీ సులువవుతాయి.

ఒక ఉదాహరణ వెంటపెట్టుకుని నడుద్దాం. ఒకాయన 5 లక్షల ప్రోనోటు మీద దావా వేశాడు. ప్రతివాది "సంతకం నాదే, కానీ డబ్బు ముట్టలేదు" అన్నాడు. ట్రయల్ కోర్టు, వాదికి అంత సొమ్ము అప్పిచ్చే తాహతు ఉన్నట్టు రుజువు కాలేదని దావా కొట్టేసింది. ఇప్పుడు వాది అప్పీలుకు వెళ్లాలి.

మొదటి అడుగు: అసలు అప్పీలు ఉందా, ఉంటే ఏ కోర్టుకు?

దావా మీద వచ్చిన డిక్రీకి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 96 కింద అప్పీలు ఉంటుంది (వేరే చట్టం పేరు చెప్పని చోట సెక్షన్లు, ఆర్డర్లు, రూల్స్ అన్నీ ఈ కోడ్‌వే). దావా నడుస్తుండగా వచ్చే మధ్యంతర ఉత్తర్వులన్నింటికీ ఉండదు. ఆర్డర్ 43లో ఉన్న జాబితాలో ఆ ఉత్తర్వు ఉంటేనే సివిల్ మిసిలేనియస్ అప్పీలు వేయగలరు. ఇంజంక్షన్ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆ జాబితాలోకి వస్తుంది. జాబితాలో లేనివాటికి సాధారణంగా హైకోర్టులో సివిల్ రివిజన్ పిటిషనే దారి.

రాజీ డిక్రీకి అప్పీలు లేదు. లెక్కల తప్పు, పేరులో తప్పు లాంటివి ఉంటే అప్పీలు దాకా పోనక్కర్లేదు, అదే కోర్టులో సెక్షన్ 152 కింద సరిచేయించుకోవచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది హాజరు కాకుండానే ఇచ్చినది) అయితే రెండు దారులున్నాయి. ఆర్డర్ 9 రూల్ 13 కింద 30 రోజుల్లో అదే కోర్టులో పిటిషన్ వేసి డిక్రీని తీసేయమని అడగవచ్చు, లేదా నేరుగా అప్పీలు వేయవచ్చు. అయితే అప్పీలు వేసి, దాన్ని ఉపసంహరించుకోకుండా అది కొట్టేసేదాకా ఊరుకుంటే మొదటి దారి మూసుకుపోతుంది. నోటీసు అందలేదన్నదే మీ అసలు బాధ అయితే ముందు రూల్ 13 వైపు చూడటం మేలు. సాక్ష్యం చెప్పుకునే అవకాశం అక్కడే దొరుకుతుంది.

అప్పీలు హక్కు ఎప్పుడు పుడుతుందన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు చెప్పింది మన దగ్గరి కేసులోనే. 1949లో బాపట్ల సబ్ కోర్టులో పడిన దావా అది. గరికపాటి వీరయ్య కేసుగా పేరుపడిన ఆ తీర్పులో 1957లో కోర్టు చెప్పింది ఇదీ: అప్పీలు హక్కు తీర్పు రోజున పుట్టేది కాదు, దావా వేసిన రోజే పుడుతుంది, మధ్యలో వచ్చిన చట్టం స్పష్టంగానో, తప్పనిసరిగా అలాగే అర్థమయ్యేలానో తీసేస్తే తప్ప అది పోదు.

ఏ కోర్టుకు వెళ్లాలన్నది డిక్రీ ఇచ్చిన కోర్టు స్థాయిని బట్టి, దావా విలువను బట్టి ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జి డిక్రీ మీద అప్పీలు అదే జిల్లాలోని పై కోర్టుకు, జిల్లా జడ్జి డిక్రీ మీద హైకోర్టుకు వెళ్తుంది. మధ్యలో ఉన్న సీనియర్ సివిల్ జడ్జి డిక్రీల దగ్గర దావా విలువే తేలుస్తుంది. ఆ పరిమితులు మారుతుంటాయి కాబట్టి వేసే రోజున అమల్లో ఉన్నదేమిటో చూసుకోవాలి. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు హైకోర్టులు వేరయ్యాయి. పాత కేసులున్నవాళ్లు తమ ఫైలు ఎటు చేరిందో ఇంకా చూసుకోకపోతే ఇప్పటికైనా ప్రతి కేసుకూ ఇచ్చే సీఎన్ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోండి. ఆ నంబరు 16 అక్షరాలు, అంకెలతో ఉంటుంది.

రెండో అడుగు: నకలు, గడువు

లిమిటేషన్ చట్టం 116వ ఆర్టికల్ ప్రకారం అప్పీలు హైకోర్టుకైతే 90 రోజులు, వేరే కోర్టుకైతే 30 రోజులు. తీర్పు చెప్పిన రోజును లెక్కలోంచి తీసేస్తారు. సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన సమయాన్నీ సెక్షన్ 12 కింద తీసేస్తారు. చిక్కంతా ఈ రెండోదానితోనే.

మార్చి 1న తీర్పు వచ్చిందనుకుందాం. 5న కాపీ అప్లికేషన్ పెట్టారు, 20న కాపీ సిద్ధమైంది. మామూలుగా 30 రోజులు మార్చి 31తో అయిపోతాయి. 5 నుంచి 20 దాకా, రెండు తేదీలూ కలిపి, 16 రోజులు కాపీకి పట్టాయి కాబట్టి గడువు ఏప్రిల్ 16 దాకా సాగుతుంది. ఇందులో మూడు మెలికలున్నాయి. కాపీ చార్జీలు కట్టమని కోర్టు 10న పిలిస్తే మీరు 15న కట్టారనుకోండి, ఆ మధ్య రోజులు మీ ఆలస్యం కిందకు వస్తాయి, వాటిని మినహాయించమని అడగలేరు. కాపీ సిద్ధమయ్యాక తీరిగ్గా వెళ్లి తెచ్చుకున్నా అంతే. కాపీకి దరఖాస్తు పెట్టకముందు డిక్రీ రాయడానికి కోర్టు తీసుకున్న సమయం కూడా మినహాయింపులోకి రాదు. అందుకే డిక్రీ సిద్ధమవలేదు కదా అని ఆగకుండా తీర్పు వచ్చిన రోజో మర్నాడో దరఖాస్తు పెట్టేయాలి.

కాపీ చేతికి రాగానే వెనక వైపు తిప్పి చూడండి. అప్లికేషన్ పెట్టిన తేదీ, చార్జీలు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ముద్రలో ఉంటాయి. ఫైలింగ్ సెక్షన్‌లో లెక్క కట్టేది వాటితోనే. తేదీ తప్పుగా పడితే అక్కడే సరిచేయించుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ వినరు.

గడువు చివరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజున వేయవచ్చు. దాన్ని నమ్ముకుని చివరిదాకా ఉంచుకోవడం మాత్రం ఉత్త పుణ్యానికి టెన్షన్ కొనుక్కోవడం.

గడువు దాటిపోతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని క్షమించమని పిటిషన్, దానికి అఫిడవిట్ పెట్టాలి. అప్పీలుతో పాటే ఇది వేయాలని ఆర్డర్ 41 రూల్ 3ఎ చెబుతోంది. అనంతనాగ్ భూసేకరణ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఈ విషయంలో ఉదారంగా ఉండమంది. ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ ఇవ్వాలన్న మాటను పట్టుకుని వేలాడవద్దంది. ఆ తీర్పును ఎంత ఎక్కువగా ఉదహరిస్తారో, అంత తక్కువ శ్రద్ధతో అఫిడవిట్లు రాస్తారు. "ఆరోగ్యం బాగాలేక" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పని జరగదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆసుపత్రిలో ఉన్నారు, డిశ్చార్జి కాగితం ఏది, ఇంటికొచ్చాక మిగిలిన రోజులు ఏం జరిగాయి అన్నది వరసగా ఉండాలి. ప్రభుత్వ శాఖలకు కూడా ఫైలు బల్లలు తిరిగిందన్న సాకు చెల్లదని 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మూడో అడుగు: తీర్పును చదవడం

చాలా అప్పీళ్లు బలహీనపడేది ఇక్కడే. ఓడిన కోపంలో తీర్పును ఒకసారి తిరగేసి గ్రౌండ్స్ డిక్టేట్ చేసేస్తారు. అలా కాకుండా పెన్సిల్ పట్టుకుని కూర్చోవాలి. ముందు ఇష్యూలను (కోర్టు తేల్చడానికి పెట్టుకున్న ప్రశ్నలను) చూడండి. ఏ ఇష్యూ మీద ఏం తేల్చారు? ఓడించిన ఇష్యూ ఏది? తర్వాత ఆ ఇష్యూ కింద ఉన్న పేరాల్లోకి వెళ్లి, జడ్జి ఏ వాక్యం మీద నిలబడి "కాబట్టి" అన్నారో దాని కింద గీత గీయండి. ఎంత పెద్ద తీర్పైనా అలాంటి వాక్యాలు రెండో మూడో ఉంటాయి. మిగతాదంతా వాద ప్రతివాదాల సారాంశం, కేసుల ఉదహరింపు.

ఇప్పుడు గీత గీసిన ప్రతి వాక్యానికీ ఎదురుగా అడగండి: ఇది ఏ సాక్ష్యం మీద ఆధారపడింది? ఆ సాక్ష్యం నిజంగా అలాగే ఉందా? వ్యతిరేకంగా ఉన్న ఎగ్జిబిట్‌ను తీర్పులో తాకారా? రుజువు భారం సరైన వాళ్ల మీదే పెట్టారా? ప్లీడింగ్స్‌లో (ప్లెయింటులో, రిటన్ స్టేట్‌మెంట్‌లో) లేని విషయం మీద ఏమైనా తేల్చారా?

మన ఉదాహరణలో కీలక వాక్యం "వాది తన తాహతును రుజువు చేయలేదు" అన్నది. సంతకం ఒప్పుకున్నాక ప్రోనోటుకు ప్రతిఫలం ముట్టిందనే చట్టం మొదట ఊహిస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 చెప్పేది అదే. ఆ ఊహను తిప్పికొట్టాల్సింది ప్రతివాది. నూటికి నూరు పాళ్లు రుజువు చేయనక్కర్లేదు, డబ్బు ముట్టలేదనడం నమ్మదగ్గదిగా ఉంటే చాలు, అప్పుడు భారం మళ్లీ వాది మీదకు వస్తుంది. అయితే ఈ కేసులో ప్రతివాది ఏం చూపించాడు? ఏమీ చూపించకుండానే వాది తాహతు అడిగితే భారాన్ని తలకిందులు చేసినట్టే. ఇదీ పట్టు. ఇది ఒక్కటి నిలిస్తే తీర్పు నిలవదు.

ఏ తప్పు పట్టుకోవాలన్న దాంట్లో ఒక తేడా గమనించండి. "ఫలానా సాక్షి అబద్ధమాడాడు, అయినా నమ్మారు" అన్న వాదన అప్పీల్లో బరువు తూగదు. సాక్షి తడబాటు, ముఖం కళ్లారా చూసింది ట్రయల్ జడ్జి. ఆ అంచనాలో పై కోర్టు తేలిగ్గా వేలు పెట్టదు. సర్జూ పర్షాద్ కేసు నుంచి సుప్రీంకోర్టు మాట ఇదే. కాగితం చదవడంలో, చట్టాన్ని వర్తింపజేయడంలో, సాక్షి స్వయంగా ఒప్పుకున్నదాన్ని వదిలేయడంలో జరిగిన తప్పుల దగ్గర మాత్రం ట్రయల్ జడ్జికి, అప్పీలు జడ్జికి తేడా లేదు, ఇద్దరి ముందూ ఉండేది అదే కాగితం. కాబట్టి మీ బలమంతా అటు పెట్టండి.

నాలుగో అడుగు: గ్రౌండ్స్ రాయడం

అప్పీలు మెమోరాండం ఎలా ఉండాలో ఆర్డర్ 41 రూల్ 1 చెబుతుంది: క్లుప్తంగా, వేర్వేరు అంశాలుగా, వరస నంబర్లతో, వాదనా, కథనమూ లేకుండా. అయినా చాలా మెమోరాండాలు "కింది కోర్టు తీర్పు చట్టానికి, సాక్ష్యానికి, సంభావ్యతలకు విరుద్ధం" అన్న వాక్యంతో మొదలై, అలాంటివే ఇరవై ముప్పై వాక్యాలతో ముగుస్తాయి. ఆ మొదటి వాక్యం ఆచారం, ఉండనివ్వండి. మిగిలినవి మాత్రం మీ కేసువి అయి ఉండాలి.

ఇలా రాస్తే పనికిరాదు: "కింది కోర్టు రికార్డులోని సాక్ష్యాన్ని సరిగా పరిశీలించలేదు."

ఇలా రాయాలి: "ఎగ్జిబిట్ ఎ-1 మీద సంతకం తనదేనని డి.డబ్ల్యు.1 క్రాస్‌లో ఒప్పుకున్నాక, సెక్షన్ 118 కింద ప్రతిఫలం ముట్టినట్టు ఊహించాల్సి ఉండగా, ఆ ఊహను తిప్పికొట్టే సాక్ష్యం ఏదీ లేకుండానే కింది కోర్టు రుజువు భారాన్ని వాది మీద మోపింది."

డి.డబ్ల్యు.1 అంటే ప్రతివాది వైపు మొదటి సాక్షి, క్రాస్ అంటే ఎదుటి లాయరు చేసే ప్రశ్నోత్తరం. రెండోదాంట్లో ఎవరు, ఏ కాగితం, ఏ చట్టం, ఏ తప్పు అన్నీ ఉన్నాయి. అప్పీలును విచారణకు తీసుకోవాలా అని చూసే అడ్మిషన్ దశలో పై జడ్జి ముందుగా చూసేది ఈ పేజీలే. అదే ఆర్డర్ 41లోని (ఇక నుంచి ఉత్త రూల్ నంబరు ఇస్తే ఈ ఆర్డర్‌దే) రూల్ 11 కింద ఎదుటివాళ్లకు నోటీసు కూడా ఇవ్వకుండా అప్పీలును కొట్టేసే అధికారం ఉందని మరచిపోవద్దు.

గ్రౌండ్స్‌లో లేని అంశాన్ని కోర్టు అనుమతి లేకుండా తర్వాత వాదించలేరని రూల్ 2 చెబుతోంది. ఆ భయంతోనే లాయర్లు యాభై గ్రౌండ్స్ రాస్తారు. ఏదీ జారిపోకూడదన్న జాగ్రత్త అర్థమవుతుంది కానీ, యాభైలో అసలైన రెండు కనిపించకుండా పోతాయి. నా పద్ధతిలో బలమైనవి ముందు, అవసరానికి ఉంచుకునేవి వెనక. ఏదైనా మర్చిపోతే అదనపు గ్రౌండ్స్‌కు అనుమతి అడగవచ్చు.

చివర్లో ప్రార్థన రాసేటప్పుడు ఏం కావాలో తేల్చుకోండి. డిక్రీ రద్దు చేసి దావా డిక్రీ చేయమంటారా, లేక కేసును కింది కోర్టుకు తిప్పి పంపమంటారా? రిమాండ్ అడగడం తేలికే, తర్వాత మళ్లీ ఏళ్లు పడతాయి. రికార్డులో తేల్చడానికి సరిపడా సాక్ష్యం ఉంటే రిమాండ్ జోలికి పోవద్దు.

అయిదో అడుగు: దాఖలు

మెమోరాండం, తీర్పు సర్టిఫైడ్ కాపీ, వకాలత్, కోర్టు ఫీజు, ప్రతివాదులకు నోటీసులు పంపే ఖర్చు (బత్తా), వాళ్లకిచ్చే కాపీలు, స్టే లాంటివి కావాలంటే వేరేగా ఐ.ఎ.లు (మధ్యంతర దరఖాస్తులు). డిక్రీ కాపీ కూడా జతచేయడం మంచిది. కోర్టు ఫీజు మామూలుగా దావాకు కట్టినట్టే అప్పీలుకూ కట్టాలి, అయితే డిక్రీలో ఏ భాగం మీద వెళ్తున్నారో ఆ భాగం విలువ మీదే. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, చట్టంలో చెప్పిన మరికొందరికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరు దొరుకుతారు. అప్పీళ్లకూ ఇది వర్తిస్తుంది.

పార్టీల పట్టికను తీర్పు మొదటి పేజీతో పక్కపక్కన పెట్టి సరిచూడండి. దావాలో ఉన్న ఒకరిని పొరపాటున వదిలేస్తే, ముఖ్యంగా ఉమ్మడి ఆస్తి కేసుల్లో, ఆ ఒక్క పేరు వల్ల మొత్తం అప్పీలుకే ఎసరు రావచ్చు.

ఆబ్జెక్షన్లతో కాగితాలు రిటర్న్ అవడం మామూలే, కంగారు పడొద్దు. మళ్లీ ప్రెజెంట్ చేయడానికి ఇచ్చిన గడువు దాటకుండా చూసుకుంటే చాలు. నంబరు పడితే ఎ.ఎస్. (అప్పీల్ సూట్) అని వస్తుంది. అప్పటిదాకా లాయరు గుమస్తాను అడుగుతూనే ఉండాలి.

ఆరో అడుగు: స్టే

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. రూల్ 5 ఈ మాటను సూటిగా చెబుతోంది. అయినా "అప్పీల్లో ఉంది కదా" అని ధీమాగా ఉండి, అమీను (డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి) ఇంటి ముందుకొచ్చాక పరిగెత్తేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. స్టే రావాలంటే మూడు చూపించాలి: ఆపకపోతే గణనీయమైన నష్టం జరుగుతుందని, మీరు ఆలస్యం చేయకుండా వచ్చారని, డిక్రీకి తగ్గ సెక్యూరిటీ ఇస్తారని. డబ్బు డిక్రీ అయితే మొత్తంలో కొంత డిపాజిట్ చేయమనడం మామూలు. ఆ డబ్బు సిద్ధం చేసుకునే వెళ్లండి, గడువులోగా కట్టకపోతే స్టే పోతుంది. అప్పీలు గడువు ఇంకా ఉండగానే డిక్రీ అమలు మొదలైతే, డిక్రీ ఇచ్చిన కోర్టునే కొన్నాళ్లు ఆపమని అడగవచ్చు.

ఆరు నెలలు దాటితే స్టే దానంతటదే పోతుందని 2018లో ఒక సుప్రీంకోర్టు తీర్పు వల్ల ప్రచారమైంది. 2024 ఫిబ్రవరిలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. పాత మాట ఇంకా కోర్టు వరండాల్లో తిరుగుతోంది, నమ్మకండి.

గెలిచినవాళ్లు చేయాల్సింది

తీర్పు మీ వైపు వస్తే పని అయిపోయిందనుకోవద్దు. ఎదుటివాళ్లు అప్పీలు వేస్తారనిపిస్తే సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయండి. 90 రోజులు పనిచేస్తుంది, ఆలోగా మీ మాట వినకుండా స్టే రాదు. తీర్పు మీకే వచ్చినా అందులో కొంత మీకు వ్యతిరేకంగా పోయి ఉంటే, అప్పీలు నోటీసు అందిన నెలలోగా క్రాస్ అబ్జెక్షన్స్ వేయవచ్చు. అసలు అప్పీలును వాళ్లు వెనక్కి తీసుకున్నా మీవి బతికే ఉంటాయి. డిక్రీ మొత్తం మీ వైపే ఉండి, ఒక ఇష్యూ మీద మాత్రమే తీర్పు మీకు ఎదురొస్తే, విడిగా ఏమీ వేయకుండానే ఆ ఇష్యూ మీద వాదిస్తూ డిక్రీని కాపాడుకోవచ్చు.

ఏడో అడుగు: లిఖిత వాదనలు

అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో అసలు పోరాటం బ్రీఫ్ అనే లిఖిత వాదనలోనే జరుగుతుంది. అప్పీలుదారు బ్రీఫ్ 13,000 పదాలు దాటకూడదని, ఎదుటివాళ్ల బ్రీఫ్‌కు బదులుగా అప్పీలుదారు ఇచ్చే రిప్లై బ్రీఫ్ అందులో సగానికి మించకూడదని అక్కడ నిబంధన. నోటి వాదనకు దొరికేది నిమిషాలే, చాలా కేసుల్లో అదీ ఉండదు. మన దగ్గర నోటి వాదనకే పెద్ద పీట. లిఖిత వాదనలు చివర్లో బెంచ్ క్లర్కు చేతికిచ్చే కాగితాలుగా మిగిలిపోతాయి. అది పొరపాటని నా అభిప్రాయం. తీర్పు రిజర్వయ్యాక జడ్జి గదిలో మీ గొంతు ఉండదు, మీ కాగితం ఉంటుంది.

మంచి లిఖిత వాదన చదివితే తీర్పు రాయడానికి సగం పని తీరినట్టుండాలి. దాని ఆకారం కూడా చట్టంలోనే ఉంది. అప్పీలు కోర్టు తీర్పులో తేల్చాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, కారణాలు, ఇచ్చే ఉపశమనం ఉండాలని రూల్ 31 చెబుతోంది. మీరూ అదే వరసలో రాయండి. మొదట తేల్చాల్సిన అంశాలు, రెండు లేదా మూడు. ప్రోనోటు కేసులో అయితే "సంతకం ఒప్పుకున్నాక ప్రతిఫలం లేదని నిరూపించే భారం ఎవరిది? ప్రతివాది ఆ భారాన్ని తీర్చుకున్నాడా?" అంతే.

తర్వాత వాస్తవాలు, తేదీల వరసలో, పేజీన్నర దాటకుండా. ఇక్కడ విశేషణాలు వద్దు. "దురుద్దేశంతో, కుట్రపూరితంగా" లాంటివి కొట్టేయండి. మీకు నచ్చని వాస్తవాన్ని దాచవద్దు. ఎదుటి లాయరు దాన్ని బయటపెట్టినప్పుడు మీ మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోతుంది. మీరే ముందు చెప్పి, అది ఫలితాన్ని ఎందుకు మార్చదో రాస్తే దాని వాడి తగ్గుతుంది.

వాదన భాగంలో ప్రతి అంశానికీ నాలుగు మెట్లు: కింది కోర్టు ఏం చెప్పింది (ఏ పేరాలో), చట్టం ఏం చెబుతోంది, రికార్డు ఏం చూపిస్తోంది (ఏ పేజీలో), కాబట్టి ఏం జరగాలి. "క్రాస్‌లో ఒప్పుకున్నాడు" అని వదిలేయకుండా ఏ సాక్షి, ఏ తేదీ వాంగ్మూలం, ఏ పేజీ, ఏ వాక్యం అన్నది ఉండాలి. ముఖ్యమైన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. పేజీ నంబరు తప్పు పడితే అర్థం సరైనదైనా అనుమానం మొదలవుతుంది.

కేసుల ఉదహరింపు తక్కువగా ఉండాలి. ఒక సూత్రానికి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంటే, అదే మాట చెప్పే మరో అయిదు అక్కర్లేదు. ఉదహరించిన తీర్పును పూర్తిగా చదివి ఉండాలి, హెడ్‌నోట్ (తీర్పు పైన అచ్చువేసే సారాంశం) చదివి వాడితే జడ్జి ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. మీకు వ్యతిరేకంగా ఉన్న తీర్పు ఒకటి కచ్చితంగా ఎదుటివాళ్ల దగ్గర ఉంటుంది. ఆ కేసు వాస్తవాలు మీ కేసుకు ఎలా భిన్నమో ఒక పేరాలో చెప్పేయండి.

ఎదుటి పక్షమైతే పని వేరు. కింది తీర్పును సమర్థించేటప్పుడు తీర్పులోని మాటలే తిరిగి చెప్పకుండా, ట్రయల్ జడ్జి రాయని కారణాలు రికార్డులో ఏమున్నాయో వెతికి చూపాలి. సంతోష్ హజారీ కేసులో 2001లో సుప్రీంకోర్టు ఒక మాట అంది: కింది తీర్పుతో ఏకీభవించే కోర్టు కారణాలన్నీ మళ్లీ రాయనక్కర్లేదు, తిరగరాసే కోర్టు మాత్రం కింది కోర్టు కారణాలను దగ్గరగా ఎదుర్కోవాలి. అప్పీలుదారు లిఖిత వాదన ఆ ఎదుర్కొనే పనిని జడ్జి తరఫున చేసి పెట్టాలి.

ఎనిమిదో అడుగు: విచారణ, మధ్యలో వచ్చే చిక్కులు

కొత్త పత్రం దొరికిందా? రూల్ 27 కింద అదనపు సాక్ష్యానికి పిటిషన్ వేయవచ్చు కానీ తలుపు ఇరుకు. కింది కోర్టు తీసుకోవాల్సింది తీసుకోకపోతేనో, తగినంత శ్రద్ధ పెట్టినా అప్పట్లో దొరకలేదని చూపిస్తేనో, తీర్పు చెప్పడానికి కోర్టుకే అది అవసరమనిపిస్తేనో తప్ప తెరుచుకోదు. బీరువాలో ఉన్నదాన్ని అప్పట్లో పెట్టడం మర్చిపోయామంటే కుదరదు.

వాయిదాకు ఎవరూ రాకపోతే అప్పీలును డిఫాల్ట్ కింద కొట్టేస్తారు, రూల్ 19 కింద మళ్లీ ఫైలులోకి తెచ్చుకోవాలి. అంతకంటే ప్రమాదం మరణం. అప్పీళ్లు ఏళ్ల తరబడి సాగుతాయి, పార్టీలు పెద్దవయసువాళ్లు. ఎవరైనా చనిపోతే 90 రోజుల్లో వారసులను రికార్డులోకి తేవాలి. లేకపోతే చనిపోయినవాళ్ల మేరకు అప్పీలు అబేట్ అవుతుంది (ముగిసిపోతుంది), హక్కు ఉమ్మడిదైతే మొత్తం పోవచ్చు. అబేట్‌మెంట్‌ను తీసేయమని అడగడానికి మరో 60 రోజులుంటాయి. ఊళ్లో ఎదుటి పార్టీ పెద్దాయన పోయాడన్న కబురు వింటే అదే రోజు మీ లాయరుకు ఫోన్ చేయండి.

రాజీ కుదిరేట్టుంటే అప్పీలును లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. అక్కడి అవార్డు మీద మాత్రం అప్పీలు ఉండదు, కాబట్టి సంతకానికి ముందే ప్రతి షరతూ చదువుకోవాలి.

తీర్పు తర్వాత

మొదటి అప్పీల్లోనూ ఓడితే హైకోర్టులో సెకండ్ అప్పీలు ఉంది, గడువు 90 రోజులు. అక్కడ వాస్తవాల మాట దాదాపు ఎవరూ వినరు. సెక్షన్ 100 కింద గణనీయమైన చట్టప్రశ్న ఒకటి ఉందని చూపిస్తేనే అడ్మిట్ అవుతుంది. డబ్బు వసూలు దావా విలువ 25,000 రూపాయలు దాటకపోతే సెకండ్ అప్పీలే లేదు. మొదటి అప్పీలు హైకోర్టులో సింగిల్ జడ్జి తేల్చితే, సెక్షన్ 100ఎ వల్ల అదే హైకోర్టులో ఇంకో అప్పీలు ఉండదు. మిగిలేది సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి పిటిషన్, అది హక్కుగా దొరికేది కాదు.

గెలిస్తే? అప్పీలు కోర్టు డిక్రీ నకలు తీసుకోండి, ఇక అమలయ్యేది అదే. మన ఉదాహరణలో వాది గెలిస్తే ఇ.పి. (డిక్రీ అమలు పిటిషన్) వేసుకోవాలి. ప్రతివాదే అప్పీలులో గెలిచి, ఈలోగా కింది డిక్రీ కింద సొమ్ము కట్టేసి ఉంటే, లేదా స్థలం అప్పజెప్పి ఉంటే, తిరిగి ఇప్పించమని సెక్షన్ 144 కింద మొదటి కోర్టులో దరఖాస్తు పెట్టాలి. దానికి వేరే దావా అక్కర్లేదు.